ఏం పని చేస్తవని అడిగిన డాక్టరమ్మ

దేవరకొండ దగ్గర మాకు బోరు కింద కొంచెం వరి, మిగతాది పత్తి. ఆ వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. మళ్లు నిండి ఎలుకలన్నీ ఒడ్ల మీదికి ఎక్కాయి. అవి బొరియలు తవ్వడం, ఒడ్డు తెగడం, నేను పొద్దంతా బురదలో నిలబడి పారతో పూడ్చడం, ఇదే పని. నా మడమలు ఏడాది పొడుగునా పగిలే ఉంటాయి.

కొన్నాళ్లకు చలిజ్వరం పట్టుకుంది. జ్వరం ఓర్చుకోవచ్చు గానీ పిక్కల నొప్పి ఓర్చుకోలేం. దుప్పటి తగిలినా కేక పెట్టేవాణ్ని. కళ్లు ఎర్రబడ్డాయి, పుసి మాత్రం లేదు. ఊళ్లో ఆరెంపీ సూది వేశాడు. టౌనులో డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు. ఒళ్లు పచ్చబడితే పసిరికలని పసరు తాగించారు. ఇంతమంది చూశారు, ఏం పని చేస్తావని ఒక్కరూ అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

మూత్రం ఆగిపోయాక మా తమ్ముడు కారు మాట్లాడి మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ తీసుకుపోయాడు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ నా కాలు ఎత్తి మడమ చూసింది. "నీళ్లల్ల దిగినవా అన్నా? పొలంల ఎలుకలున్నయా?" అని అడిగింది. "ఉన్నయమ్మా" అని మా ఆవిడ ఏడుస్తూ చెప్పింది.

లెప్టోస్పైరోసిస్ అని తేలింది. మన దగ్గర ఎలుక జ్వరం అంటారు. ఆ క్రిమి ఎలుక కిడ్నీల్లో ఉండి మూత్రంతో బయటికొస్తుంది, ఎలుకకు ఏమీ కాదు. తడి మట్టిలో వారాల తరబడి బతికి, పగుళ్ల గుండా, కంటి గుండా మనిషిలోకి పోతుంది. పశువులూ కుక్కలూ కూడా మోస్తాయి. క్రిమి సోకాక జ్వరం 2 నుంచి 30 రోజుల లోపు ఎప్పుడైనా రావచ్చు. మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ మాత్రలతో పోయేది. నాకు పెన్సిలిన్‌తో పాటు డయాలసిస్ కూడా కావాల్సి వచ్చింది.

హంటా అనే వైరస్ గురించి కూడా ఆమే చెప్పింది. అదీ ఎలుకలదే, అదీ కిడ్నీలనే పట్టొచ్చు. కాకపోతే దానికి బురద అక్కర్లేదు. ఎండిన ఎలుక మూత్రం, పెంటికలు దుమ్ములో కలిసి లేస్తే ఊపిరితో లోపలికి పోతుంది. కొరియా యుద్ధంలో 3 వేల మందికి పైగా సైనికులు పడిపోయిన జ్వరం అదేనట. ఆ జాతి వైరస్ ఒకటి 1964లో తమిళనాడులోని వేలూరులో చుంచెలుకలో దొరికింది. ఆ రాష్ట్రంలోనే ఎలుకలు పట్టే ఇరుళర్ గిరిజనుల రక్తంలో, గోదాముల్లో పనిచేసేవాళ్ల రక్తంలో హంటా ఆనవాళ్లు కనబడ్డాయి. అది విన్నప్పుడు మా వడ్ల కొట్టం గుర్తొచ్చి భయమేసింది. ఇప్పుడు దాన్ని పొడిగా ఊడ్వం. తలుపులు తీసి గాలి ఆడనిచ్చి, బ్లీచింగ్ నీళ్లు చల్లి తడిబట్టతో తుడుస్తాం.

కిడ్నీలు తేరుకున్నాయి. అయినా ఆ యాసంగి పార పట్టలేకపోయాను. అప్పు తీర్చడానికి ఎడ్లను అమ్మాం.

రబ్బరు బూట్లు వేసుకోమంటారు. ఒడ్డు మీద సరే, మడిలో దిగితే బురద గుంజేస్తుంది. నాట్లేసే ఆడవాళ్లకు అసలే కుదరవు. అందుకే ముసురులో ఎవరికి జ్వరం వచ్చినా నేనే ఇంటికి పోయి చెప్తున్నాను: డాక్టరు అడగకున్నా సరే, మడిలో దిగిన, ఎలుకలున్నయి, పిక్కలు గుంజుతున్నయని ముందు నువ్వే చెప్పు.