ఆషాఢం వానల్లో గౌలిపుర

ముసురు పట్టిన వేళ పాతబస్తీకి ఎవరైనా వెళ్తారా? గౌలిపురను చూడాలంటే మాత్రం అప్పుడే వెళ్లాలి. చార్మినార్ దగ్గర బండి దిగి శాలిబండ మీదుగా నడవడమే మేలు. గొడుగున్నా చెప్పులు తడవక తప్పదు.

ఆషాఢంలో గోల్కొండలో మొదలైన బోనాలు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళిని పలకరించి, ఆ తర్వాత ఇటు వస్తాయి. లాల్‌దర్వాజా సింహవాహినికి బోనమెత్తే ఆదివారం గౌలిపుర మహంకాళి గుడి ముందూ జనం బారులు తీరతారు. పసుపు పూసిన కుండ, వేపమండలు, లోపల అన్నం, పైన దీపం. అంతలో చినుకు! ఆ దీపం ఆరకుండా గుడిదాకా చేర్చడం ఆడవాళ్లకు పరీక్షే. డప్పులు, పోతరాజుల చిందులు మాత్రం ఆగవు.

మర్నాడు ఘటాల ఊరేగింపు. అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కుతుంది. అన్నీ చేరేది నయాపూల్ దగ్గర మూసీకే. 1908 సెప్టెంబరు 28న నగరాన్ని ముంచేసిన మూసీ అది. దాదాపు 15 వేల మంది పోయారంటారు. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. వరద తగ్గాలని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నదికి చీర, పసుపు కుంకుమలు ఇచ్చాడని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దెబ్బతోనే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. అయినా 2020 అక్టోబరు వానకు పాతబస్తీలో చాలా ఇళ్లు నీళ్లలో నానాయి.

అందుకని చినుకులకు వెరవక్కర్లేదు గానీ, భారీ వర్షమని హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి.