కోటలో గోల్ఫు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గుట్టల నడుమ చిర్రగోనె ఆడి పెరిగినవాడికి గోల్ఫు పరాయి ఆటగా తోచదు. కొట్టడం క్షణం, వెదకడం గంట!

ఆ గుట్టలను తలపించే 18 గుంటల గోల్ఫు మైదానం గోల్కొండ నయాఖిలాలో ఉంది. 1656లో మొగలుల ముట్టడి తరువాత, శత్రువుకు అనువైన ఆ మిట్టను అబ్దుల్లా కుతుబ్‌షా గోడ కట్టి కోటలో కలుపుకున్నాడు. నేడు ఆటగాడిని ముప్పుతిప్పలు పెట్టేదీ ఆ నేలే. బండకు తగిలిన బంతి ఏ దిక్కుకు మళ్ళుతుందో దానికే ఎరుక. బురుజుల నీడన ఆడటంలోని ఆనందం వేరు.

అయినా మనసున ఒక ముల్లు. 2014లో పురావస్తు శాఖ అక్కడ తవ్వగా కుతుబ్‌షాహీల తోట నీటికాలువలు, మట్టిగొట్టాలు బయటపడ్డాయి. పచ్చిక కింద ఇంకేమున్నదో తేలేవరకు కొత్తగా ఒక్క గుంటైనా తవ్వరాదని నా అభిమతం. సాటి ఆటగాళ్ళు అలిగినా సరే.