మూడు ఘన్‌పూర్‌లు, ఒక మేనల్లుడు

ఒకే పేరుగల వూళ్ళు మన దేశంలో కొల్లలుగా వున్నాయి. కాని ఘన్‌పూర్ వాళ్ళ చిక్కు వేరు. పూర్వపు వరంగల్లు జిల్లా ఒక్కదానిలోనే మూడు ఘన్‌పూర్‌లుండేవి. జనగామ పక్కన వున్నది లింగాల ఘన్‌పూర్. ములుగు వైపు వున్నది ఘన్‌పూర్ ములుగు. దాన్నే గణపురం అని కూడా అంటారు. కాకతీయుల నాటి కోటగుళ్ళున్నది అక్కడే. ఇక మూడోది, జనగామకూ కాజీపేటకూ మధ్య రైలు ఆగే ఘన్‌పూర్. నిజాం కాలంలో సికింద్రాబాదు నుంచి వేసిన రైలుమార్గం 1889 నాటికి బెజవాడ చేరింది. ఆ దారిలో పడిన ఈ వూరికి స్టేషనే ఇంటిపేరయి కూర్చుంది. 2016 అక్టోబరు 11న జిల్లాలను విడదీసినప్పుడు మొదటిదీ మూడోదీ జనగామకు వచ్చాయి. గణపురం భూపాలపల్లి జిల్లాకు పోయింది. జిల్లాలు మారాయిగాని పేర్లు మారలేదు.

ఇంటిపేరు వదిలేసి పిలిస్తే ఏమవుతుందో మా చెల్లెలి మరిది పెళ్ళిలో అందరికీ తెలిసింది. హైదరాబాదు నుంచి కారులో బయలుదేరిన చుట్టాలు సెల్‌ఫోనులో వట్టి "ఘన్‌పూర్" అని కొట్టి, అది ఎటు తిరగమంటే అటు తిరిగి, హన్మకొండ దాటి, ములుగు దారి పట్టి, చివరకు కోటగుళ్ళ ముందు దిగారట. స్వామి దర్శనమైతే అయింది కాని, తలంబ్రాలూ భోజనాలూ రెండూ తప్పాయి. ఆ ఫోనును తప్పుపట్టి లాభం లేదు. అడిగిన వూరికే తీసుకువెళ్ళింది పాపం! దారిలో ఎవరైనా తలెత్తి మైలురాళ్ళు చూసివుంటే సరిపోయేది. చూడలేదు, పటం చేతిలో వుండగా రాళ్ళతో పనేమిటని అనుకున్నారు.

పటం చేతిలో వుంటే మనిషి చూపు ఏమవుతుంది? పోయిన వేసవిలో నాలుగు రోజులు స్టేషన్ ఘన్‌పూర్‌లో మా చెల్లెలింట వున్నప్పుడు నాకు పట్టుకున్న ప్రశ్న ఇదే. పట్టించినవాడు నా మేనల్లుడు.

సికింద్రాబాదులో రైలెక్కితే ఎవరూ చెప్పకుండానే భువనగిరి వచ్చిందని తెలిసిపోతుంది. ఆ ఏకశిల కొండను చూసి మరో వూరనుకునేవారు వుండరు. ఆలేరు, జనగామ, రఘునాథపల్లి దాటాక ఘన్‌పూర్. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మా చెల్లెలు ఫిర్యాదు మొదలుపెట్టింది.

"అన్నా, వీనికి నువ్వన్న చెప్పు. బడి లేకుంటె సాలు, పొద్దుగూకులు ఆ ఫోన్ల తలకాయ పెడ్తడు. ఇంట్ల ఉప్పు డబ్బా ఏడున్నదో తెల్వదు గని, ఆ ఆటల ఏ ఇల్లు ఏడున్నదో అంత నోటికొస్తది!"

వాడికి పధ్నాలుగేళ్ళు. నేను తిట్టడానికి వచ్చానని భయపడ్డాడు. "ఏదీ, నాకూ చూపించరా" అనేసరికి మొహం వికసించింది. పబ్జీ అనే ఆట పేరు మీరు వినేవుంటారు. 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 2021 జూలైలో అదే ఆట బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అన్న పేరుతో తిరిగి వచ్చింది. నూరుమంది ఆటగాళ్ళు విమానంలోంచి పారాచూట్లతో ఒక దీవి మీదకు దూకుతారు. చివరివరకు బ్రతికి వున్నవాడు గెలిచినట్టు. అందులో బాగా పేరుపడిన దీవి ఎరాంగెల్. దాని కొలత ఎనిమిది కిలోమీటర్ల పొడుగు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. జనగామకూ ఘన్‌పూర్‌కూ మధ్య అలాంటి దీవులను రెండింటిని సులువుగా పరచవచ్చు.

బొమ్మకు కుడివైపు పైమూలన తపాలా బిళ్ళంత పటం ఒకటి వుంటుంది. నువ్వెక్కడ వున్నావో, నీ జట్టువాళ్ళెక్కడ వున్నారో అందులో కనిపిస్తుంది. దాన్ని తాకితే తెరనిండా పెద్ద పటం విచ్చుకుంటుంది. దానిమీద గళ్ళుంటాయి, ఒక్కొక్క పెద్ద గడి కిలోమీటరు. నీకు కావలసిన చోట గుర్తు పెడితే జట్టువాళ్ళందరికీ అది కనిపిస్తుంది. పటం మీద ఒక తెల్లని వలయం వుంటుంది. గడువు తీరేలోగా అందులోకి చేరాలి. బయట మిగిలినవాడికి ప్రాణం తరిగిపోతుంది. కొంతసేపటికి ఆ వలయం మరింత చిన్నదవుతుంది. కనుక ఆటగాడు ఒక కన్ను ఎదటివాడి మీద, ఒక కన్ను పటం మీద వుంచి పరుగెత్తాలి.

తెర పైఅంచున దిక్కుల పట్టీ కూడా వుంది. ఉత్తరం సున్నా, తూర్పు 90, అట్లా 360 డిగ్రీలు. "అన్నా, 225ల ఇద్దరున్నరు!" అని మావాడు ఫోనులోకి అరిస్తే ఎక్కడో ఖమ్మంలో వున్న కుర్రాడు గిరుక్కున అటు తిరుగుతున్నాడు. 225 అంటే మన నైరుతి. 45 అంటే ఈశాన్యం. వాస్తు పుణ్యమా అని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు కూడా తెలిసిన దిక్కులే ఇవి. పిల్లలు మళ్ళీ అంకెల్లో నేర్చుకున్నారు.

"మరి మనింటి నుంచి జనగామ ఏ దిక్కురా?" అన్నాను.

"రైలు పోయే దిక్కు" అన్నాడు.

"రైలు రెండు దిక్కులకూ పోతుంది కదా!"

వాడు తడుముకున్నాడు. వరండాలో నులకమంచం మీద పడుకున్న వాడి తాత కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి చూపించి, "నైరుతి. గిటు కాజీపేట, ఈశాన్యం" అన్నాడు. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి.

తెరమూలన పటం పెట్టడం ఆటలకు మొదటినుంచీ వున్న అలవాటు కాదు. 1976లో అమెరికాలో విల్ క్రౌథర్ అనే ఆయన ఒక ఆట తయారుచేశాడు. ఆయనకు గుహలు కొలిచి పటాలు గీసే సరదా వుండేది. కెంటకీలోని మామత్ గుహలో తాను తిరిగిన భాగాన్నే ఆటగా మలిచాడు. అందులో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. ఆడేవాళ్ళు కాగితం మీద సొంతంగా పటం గీసుకునేవారు. ఒకేలా వుండే గదుల చిక్కుదారిలో పడితే, గదికొక వస్తువు వదిలిపెట్టి గుర్తు పెట్టుకునేవారు. 1980లో జపానులోని నామ్కో కంపెనీ "రాలీ ఎక్స్" అనే కారు ఆటలో పక్కన చిన్న రాడార్ పలక పెట్టింది. 2002లో వచ్చిన "మారోవిండ్" అనే ఆటలో ఆ వూరి జనమే దారి చెప్పేవారు: ఫలానా వంతెన దాటు, రాయి దగ్గర ఎడమకు తిరుగు, అని. 2006లో దాని తరువాతి ఆట "ఆబ్లివియన్"లో గమ్యాన్ని చూపే గుర్తు దిక్సూచి మీదే వచ్చి కూర్చుంది. 2008 నాటి "గ్రాండ్ తెఫ్ట్ ఆటో" నాలుగో ఆటలో వెళ్ళవలసిన దారి మొత్తం పటం మీద గీత గీసి చూపించేశారు. ముప్ఫై రెండేళ్ళలో ఆటగాడి పెన్సిలు చేజారిపోయింది!

స్టేషన్ ఘన్‌పూర్‌లో మాత్రం ఇంకా పాత ఆటే నడుస్తున్నది. మర్నాడు బజారులో ఒక ముసలమ్మను చిల్పూరు దారి అడిగాను. "సీదా పో బిడ్డా. పెద్ద రోడ్డు తగుల్తది. ఆడ ఆటోలుంటయి. గుట్టకాడికని చెప్పు, ఊరి పేరు చెప్పకు, ఊర్లనే దింపిపోతరు" అంది. ఏ పటమూ ఈ చివరి మాట చెప్పదు.

మేనల్లుడిని వెంటబెట్టుకుని చిల్పూరు గుట్టకు వెళ్ళాను. అక్కడి దేవుడు బుగులు వేంకటేశ్వరస్వామి. బుగులంటే దిగులు, భయం. పెళ్ళికి చేసిన కుబేరుడి అప్పు ఎట్లా తీర్చాలా అన్న బెంగతో స్వామి ఇక్కడికి వచ్చి కూర్చున్నాడని చెబుతారు. అప్పుచేసి పెళ్ళిళ్ళు చేసే మధ్యతరగతివాళ్ళం, ఇంతకంటే దగ్గర దేవుడు మనకెక్కడ దొరుకుతాడు చెప్పండి!

మెట్లెక్కి పైన నిలుచుంటే చెరువులు, పొలాలు పరిచినట్టు కనిపించాయి. మావాడు గాలి పీల్చుకుని, "మామా, జెల్డాల గిట్లనే టవర్ ఎక్కాలె" అన్నాడు. 2017లో వచ్చిన జపాను ఆట అది, వాడు వీడియోల్లో చూశాడట. మొదట పటం ఖాళీగా వుంటుంది. బురుజు ఎక్కితే ఆ చుట్టుపక్కల మేరకు పటం తెరుచుకుంటుంది. కాని ఎక్కడేముందో పైనుంచి కళ్ళతో చూసి, గుర్తులు నువ్వే పెట్టుకోవాలి. "సరే, పెట్టు గుర్తులు" అన్నాను. ఫోను నా జేబులో వేసుకున్నాను. సూర్యుణ్ణి చూసి తూర్పు తేల్చుకుని, పది నిమిషాలలో కాజీపేట దిక్కు, జనగామ దిక్కు, మేము వచ్చిన దారి వేలుపెట్టి చూపించాడు. ఒకసారి దృష్టి అటు మళ్ళాక ఇంత సులువుగా రావడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. పటం చదవడం వాడికి బాగా వచ్చు. చదవడానికి సొంతవూరిని ఎవరూ ఇవ్వలేదంతే.

దిగేటప్పుడు వాడే చెప్పాడు: "మామా, తాత మొన్న తప్పిపోయిండు."

బజారుకని వెళ్ళిన ముసలాయన చీకటిపడుతున్నా రాలేదట. ఫోను చేస్తే ఎత్తాడు. చిన్న బొత్తాల ఫోను, అందులో పటాలేవీ వుండవు. "ఏడున్నవ్ తాతా?" అంటే "తెల్వదు బిడ్డా, అంత కొత్తగ కొడ్తున్నది" అన్నాడట. ఇంట్లో ఏడుపులు. మావాడు మాత్రం, ఆటలో దారితప్పిన స్నేహితుణ్ణి అడిగే ప్రశ్నలే అడిగాడు. నీ ఎదురుగ ఏమున్నది? పొద్దు ఏ చేతి దిక్కు గూకింది? రైలుపట్టాలున్నాయి అన్నాడాయన. విద్యుత్తు తీగలు మోసే స్తంభం మీద నెంబరు ఏముందో చదవమన్నాడు. ఆ స్తంభాల మీద కిలోమీటరు అంకె, దానికింద స్తంభం వరుస అంకె వుంటాయి. ముసలాయన తడబడకుండా చదివాడు. వీధులు మరిచిన మనసు వుద్యోగపు అంకెలను మరవలేదు. ఆ నెంబరు స్టేషనులో చెబితే, అది ఏ వైపు, ఎంత దూరమో అక్కడివాళ్ళు వెంటనే చెప్పారు. తండ్రీ కొడుకులు బండి మీద వెళ్ళేసరికి, పట్టాలకు దూరంగా తుమ్మచెట్టు కింద కూర్చుని వున్నాడట.

తెలిసిన దారి తప్పడం మతిమరుపు జబ్బుకు తొలి గుర్తుల్లో ఒకటి. దాన్ని పరిశీలించడానికే 2016లో "సీ హీరో క్వెస్ట్" అనే సెల్‌ఫోను ఆటను తయారుచేశారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ శాస్త్రజ్ఞుడు హ్యూగో స్పయర్స్ అందులో ముఖ్యుడు. ఆటలో ముందు సముద్రపు పటం చూపిస్తారు. తరువాత దాన్ని తీసేస్తారు. గుర్తున్నంతలో పడవ నడపాలి. ప్రపంచమంతటా లక్షలమంది ఆడారు. 38 దేశాలకు చెందిన సుమారు నాలుగు లక్షలమంది ఆటను పరిశీలించి 2022లో "నేచర్" పత్రికలో ఒక సంగతి ప్రకటించారు. నగరాల బయట పెరిగినవాళ్ళు సగటున దారి కనుక్కోవడంలో మెరుగు. షికాగోలా గళ్ళ వీధుల్లో పెరిగినవారికంటె, ప్రేగ్‌లా వంకరవీధుల్లో పెరిగినవారు మెరుగు. మన పల్లెదారులు వంకరటింకరగా వున్నాయని ఇక చిన్నబుచ్చుకోనక్కరలేదు! ఇంకొకటి. ఫోను చెప్పిన దారినే ఎక్కువగా నడిచే డ్రైవర్లకు సొంతంగా దారి గుర్తుంచుకునే శక్తి తక్కువగా వున్నదని మాంట్రియల్ పరిశోధకులు 2020లో రాశారు. వాళ్ళు చూసింది కొద్దిమందినే. అయినా ఆలోచించవలసిన మాటే.

"అయితే ఫోను గుంజుకోమంటవా, వద్దంటవా?" అని మా చెల్లెలు నిలదీసింది. గుంజుకోనక్కరలేదన్నాను. రోజుకింత అని గంట లెక్క పెట్టు. దానికి తోడు మరో ఆట నేర్పమన్నాను. కొత్తచోటికి వెళ్ళేముందు పిల్లల చేత రెండు నిమిషాలు పటం చూపించాలి. తరువాత ఫోను పెద్దవాళ్ళ సంచిలో పడాలి. పిల్లలే ముందు నడిచి ఇంటిల్లిపాదినీ తీసుకుపోవాలి. దారి తప్పితే ఎవరినైనా అడగాలి. ఖర్చులేని ఆట, పెద్దలకూ మంచిదే.

నేను బయలుదేరే ముందురోజు మావాడు అట్టముక్క మీద ఒక పటం గీశాడు. స్టేషను, పెద్ద రోడ్డు, రావిచెట్టు, ఇల్లు. వీధి పేర్లేవీ రాయలేదు. ఇంటివెనక కనిపించే రైలుస్తంభం నెంబరు మాత్రం ఎర్రసిరాతో పెద్దగా వేసి, అక్కడినుంచి ఇంటికి బాణం గుర్తు పెట్టాడు. ఆ అట్ట ఇప్పుడు తాత చొక్కాజేబులో వుంటున్నది. చొక్కా వుతికిన రోజున, ఇంకో చొక్కాలోకి మార్చడం మా చెల్లెలి వంతు.