దీప విషయమై మా యింటి వాదాలు

ధారావాహికలను గూర్చి కళాశాల పత్రికలో వ్రాయటం కొందరికి చిన్నతనంగా తోచవచ్చు. సాహిత్యాన్ని గూర్చి, జాతీయ సమైక్యతను గూర్చి వ్రాయవలసిన పుటలలో వంటలక్క ప్రసక్తి యేమిటని మిత్రులు నవ్వారు కూడా. అయినా, అయిదేళ్ళ పాటు మా యింట సాయంకాలాలలో జరిగినంత నిజాయితీ గల చర్చను మేము మరొక సభలో వినలేదు కనుక వ్రాయక తప్పటం లేదు.

ఇంతకూ ఆ సభలోని సభ్యులెవరని అడుగుతారేమో. కర్నూలులో మాది ఉర్దూ మాట్లాడే కుటుంబం. దాదీ, అమ్మీ, ఆపా, చిన్నవాళ్ళమైన మేము, గోడకు ఆవలి యింటి నుండి వచ్చే పిన్ని. పిన్నికి ఉర్దూ అర్థమవుతుంది గాని మాట్లాడలేదు. దాదీకి తెలుగులో బజారు మాటలు తప్ప రావు. ఒకరి భాషను ఒకరు సగం సగం పట్టుకొని ఇద్దరూ గంటల కొద్దీ వాదించుకొనేవారు. వంటలక్క అంటే ఏమిటని దాదీ అడిగితే "పకానే వాలీ ఆపా" అని చెప్పాము. నాటి నుండి ఆమెకు అదే పేరు స్థిరపడింది. అనుమానం, నిజస్వరూపం, ఆత్మాభిమానం వంటి మాటలన్నీ దాదీ ఆ కథలోనే నేర్చుకొన్నది. మా తెలుగు పాఠ్యపుస్తకాలు మాకు నేర్పినదాని కంటే అది తక్కువేమీ కాదు.

'కార్తీక దీపం' 2017 అక్టోబరు 16న స్టార్ మా లో ప్రారంభమయింది. 2014లో మలయాళంలో మొదలైన 'కరుత్తముత్తు' దీనికి మూలం. కథ అందరూ ఎరిగినదే. నల్లని పిల్ల దీపను డాక్టరు కార్తీక్ వలచి పెండ్లాడతాడు. అతనికి సంతానయోగం లేదని మోనిత అబద్ధం సృష్టిస్తుంది. గర్భవతియైన భార్యను అతడు అనుమానిస్తాడు. దీప వంటలు చేసుకొని బ్రతుకుతుంది. కవల పిల్లలలో ఒకతె తల్లి వద్ద, మరొకతె తండ్రి వద్ద పెరుగుతారు. ఒక్క డి.ఎన్.ఏ. పరీక్ష చేయిస్తే తేలిపోయే విషయాన్ని వైద్యుడై యుండి యేళ్ళ తరబడి ఎందుకు సాగదీస్తున్నాడని రాష్ట్రమంతా అడిగింది. మా పిన్ని సమాధానం మాత్రం వేరు. "అనుమానం ఉన్నవాడు పరీక్ష కాగితాన్ని కూడా అనుమానిస్తాడమ్మా" అనేది. ఆ మాట పిన్ని ఎక్కడ నేర్చిందో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

దాదీకి ఈ విషయాలలో పాత అనుభవం ఉన్నది. 1984 జూలై నుండి 1985 డిసెంబరు వరకు దూరదర్శన్ ప్రసారం చేసిన 'హమ్ లోగ్'ను ఆమె పొరుగువారి వరండాలో కూర్చొని చూచింది. మనోహర్ శ్యామ్ జోషీ రచన అది. ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ వచ్చి జరిగిన కథపై నాలుగు మాటలు చెప్పేవారు. కుటుంబ నియంత్రణ ప్రబోధం మోతాదు మించిందని జనానికి తోచగా, 13 భాగాలు గడిచేసరికి నిర్మాతలు దానిని తగ్గించారు. ఇంకొక చిత్రం కూడా జరిగింది. అణగిమణగి యుండే గృహిణి భాగవంతీని స్త్రీలు అలా ఉండరాదని చెప్పటానికి సృష్టిస్తే, ప్రేక్షకులలో ఎందరో ఆమెనే ఆదర్శంగా తీసుకొన్నారు. ఆ ఎందరిలో మా దాదీ ఒకతె.

కనుక దీప కూడా భాగవంతీ వలె ఓర్చుకోవాలని, ఎప్పటికైనా మగడే సత్యం తెలుసుకొంటాడని దాదీ తీర్పు. అమ్మీ ఒప్పుకొనేది కాదు. అత్తగారి మాటకు ఏ విషయంలోనూ ఎదురు చెప్పని మనిషి, దీప విషయంలో మాత్రం గొంతు పెంచేది. "తన చేతి వంటతో బిడ్డను పోషించుకొన్న ఆడది ఎవరి తీర్పు కోసం కాచుకొని ఉండాలి, అమ్మీజాన్?" అనేది. మా యింటి మాటే మాట్లాడుతూ ఉంటే ఆ వాక్యం అమ్మీ నోట వచ్చేది కాదు. దీప పేరు మీద వచ్చింది. దాదీ కూడా దీపకే సమాధానం చెప్పినట్లు చెప్పేది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల చిత్రీకరణ నిలిచినప్పుడు వాదం ఆగలేదు సరిగదా, పాత భాగాల మీదికి మళ్ళింది. 2022లో దీపను, కార్తీక్‌ను కారు ప్రమాదంలో చంపివేసి, పిల్లలు పెద్దవారైన కథను నడపటం మొదలుపెట్టారు. పిన్ని రెండు రోజులు మా యింటికి రాలేదు. దాదీ మాత్రం నిబ్బరంగా ఉండి, "తిరిగి తెస్తారు, మిహిర్‌ను తేలేదా?" అన్నది. 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ'లో 2001లో మరణించిన మిహిర్, ప్రేక్షకుల గగ్గోలు భరించలేక బ్రతికి వచ్చిన సంగతి ఆమెకు నిన్నటి మాట. దాదీ చెప్పినట్లే అదే సంవత్సరం దీప తిరిగివచ్చింది. చచ్చిన మనిషిని బ్రతికించగల శక్తి చూచేవారికి ఉన్నదని మా అందరికీ గర్వం కలిగింది.

ఆపాకు కలుగలేదు. ఆమెకు వచ్చిన రెండు సంబంధాలు అప్పటికే తప్పిపోయి ఉన్నాయి. రెండవసారి వచ్చినవారు మా యింటి షీర్ ఖుర్మా మెచ్చుకొని, రంగు కొంచెం "దబ్తా" అని మధ్యవర్తి ఖాలా చేత చెప్పి పంపారు. ఆ మాట విన్న సాయంకాలం కూడా ఆపా మాతో కూర్చొని దీపను చూచింది. దీప వేషం వేసిన ప్రేమీ విశ్వనాథ్ సహజంగా తెల్లని మనిషి అనీ, రంగు పూసి నల్లగా చూపుతున్నారనీ పత్రికలలో బొమ్మలు చూచి మాకు తెలుసు. దానిని అంతవరకూ మేకప్ చాతుర్యంగానే చెప్పుకొన్నాము.

"చంపినవాళ్ళను తెప్పించుకొన్నారు కదా, నల్లటి పిల్లను తెమ్మని ఒక్కరైనా అడిగారా?" అన్నది ఆపా. పిన్ని సర్దిచెప్పబోయింది. రాజు వేషం వేసేవాడు రాజు కానక్కరలేదన్నది. "నిజమే పిన్నీ, కాని ఆమె రాత్రికి కడుక్కొంటుంది" అని ఆపా లేచి లోపలికి వెళ్ళింది. ఆనాటి భాగంలో ఏమి జరిగిందో మాలో ఎవరికీ గుర్తు లేదు.

1569 భాగాల తరువాత 2023 జనవరి 23న ఆ కథ ముగిసింది. ఆ వేసవిలో ఖాలా మరొక సంబంధంతో వచ్చినప్పుడు, అమ్మీ టీ కప్పు ఆమె చేతికి ఇస్తూనే, రంగు మాట ఎత్తేవారైతే గడప దాకా తీసుకురావద్దని చెప్పింది. దీప పేరు ఎత్తలేదు. దాదీ ప్రక్కనే కూర్చొని తమలపాకులకు సున్నం రాస్తూ కాదనలేదు. ఆ సంబంధం కుదరలేదు. ఆపా ఇప్పుడు బి.ఇడి. చదువుతున్నది.

2024 మార్చిలో అదే జంటతో కొత్త కథగా రెండవ 'కార్తీక దీపం' మొదలయింది. పాత కథకు దీనికి సంబంధం లేదని అమ్మీ ఎంత చెప్పినా దాదీ వినలేదు. అన్నేళ్ళు పెళ్ళాన్ని అనుమానించిన ముఖం అదేననీ, కథ మార్చినంత మాత్రాన ఆ డాక్టరును తాను నమ్మబోననీ భీష్మించింది. మొదటి వారమంతా టీవీకి వీపు పెట్టి కూర్చొని, దీప ఏమన్నదో చెప్పమని మమ్మల్ని అడుగుతూ ఉండేది.