ఆనందపురం పూలు, ఎడారి నగరపు గదులు

విశాఖపట్నం నుండి మధురవాడ మీదుగా శ్రీకాకుళం వైపు పోయే రహదారి మీద, సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఆనందపురం ఉంది. పెందుర్తి మీదుగా అనకాపల్లికి పోయే ఆరు వరుసల రోడ్డు ఇక్కడే విడిపోతుంది. అయినా ఈ ఊరికి పేరు తెచ్చినది రోడ్డు కాదు, పూల మార్కెట్టు. చుట్టుప్రక్కల రైతులు బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరం తెచ్చి ఇక్కడ దించుతారు. కార్తీకంలోను, పెళ్లి ముహూర్తాలలోను మంచి ధర పలుకుతుంది. ఆషాఢంలో అడిగేవారు తక్కువ. ఈ పూట అమ్ముడుపోని పూలు మరునాటికి వాడిపోవలసిందే.

ఈ బేరాలు చూస్తుంటే మాకు హోటలు గదుల సంగతి తలపునకు వచ్చింది. ఈ రాత్రి ఖాళీగా ఉండిపోయిన గదిని దాచి రేపు అమ్మలేరు గదా! విశాఖ సముద్రతీరపు హోటళ్లకు దసరా సెలవులలో బెంగాలీ యాత్రికులు వస్తారు. శీతకాలంలో అరకు వెళ్లేవారు వస్తారు. ఎండలు ముదిరితే ఆ సందడి ఉండదు.

ఎడారి నగరమైన దుబాయిలో ఈ తేడా మరీ ఎక్కువ. అక్కడ అక్టోబరు నుండి ఏప్రిల్ వరకే యాత్రికులకు హాయి. జూన్, జూలై, ఆగస్టులలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గదులను తక్కువ ధరకు ఇస్తారు. మన తెలుగు బిడ్డలు కొందరు ఆ హోటళ్ల వంటశాలలలో, బట్టలుతికే చోట్ల, గదులు సర్దే పనులలో ఉన్నారు. కనుక ఆ లెక్కలు మన ఇళ్లకు దూరమైనవి కావు.

2024లో దుబాయి హోటళ్లలో గదులు లక్షా 54 వేలు. సగటున నూటికి 78 గదులు నిండాయి. నిండిన గదికి సగటున 538 దిర్హాములు వచ్చాయి. అయితే ఖాళీ గదులను కూడా లెక్కలో వేసుకుంటే ఒక్కొక్క గదికి దక్కినది 421 దిర్హాములే. వ్యాపారం తెలిసినవారు చూసేది ఈ చివరి అంకెను. ఆనందపురం రైతు కూడా అంతే. కిలో ధర ఎంత పలికినా, ఎన్ని కిలోలు మిగిలిపోయాయో చూసిన తరువాతే ఇంటికి వెళ్లి లెక్క చెబుతాడు.

ఆ నగరానికి 2019లో 1 కోటి 67 లక్షల మంది విదేశీ యాత్రికులు వచ్చారు. కరోనా వచ్చిన 2020లో 55 లక్షలే. ఆ సంవత్సరం మే నెల నుండి ప్రత్యేక విమానాలలో గల్ఫు నుండి తిరిగి వచ్చిన మనవారిని ఎవరు మరచిపోగలరు? 2024 నాటికి సంఖ్య 1 కోటి 87 లక్షలకు పెరిగింది. మంచిదే. కాని గదులు నిండినంత మాత్రాన గదులు సర్దేవాని జీతం దానంతట అది పెరగదు. అది ఒప్పంద పత్రంలో వ్రాసి ఉన్నంతే.

కాబట్టి కుమారుని పంపదలచిన తల్లిదండ్రులు ముందుగా కొన్ని సంగతులు విచారించాలి. చెప్పిన సొమ్ములో మూల జీతమెంత, సీజనులో మాత్రమే వచ్చే బఖ్షీసులెంత? వేసవిలో పని తగ్గితే జీతం లేని సెలవు ఇస్తారా? బస, భోజనం ఎవరి ఖర్చు? ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉన్నదా? పదవ తరగతి పాస్ కానివారు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వపు ఎమిగ్రేషను అనుమతి కూడా కావాలి. విజిటింగ్ వీసా చేతిలో పెట్టి, అక్కడికి వెళ్లాక పని చూపిస్తామనే వారి మాట నమ్మి పొలం తాకట్టు పెట్టవద్దు.