పెంగ్విన్ సెలవు పెట్టింది!

కంప్యూటర్ మీట నొక్కగానే తెర మీద ముందుగా ఏం కనిపిస్తుంది? కంపెనీ వాళ్ల ముద్ర. డబ్బు పోసి కొన్నది మనం, పొద్దున్నే దర్శనమిచ్చేది వాళ్ల పేరు! ఆ కాసేపట్లో కాఫీ కలుపుకొచ్చేవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. లినక్స్ వాడేవాళ్లు మాత్రం ఆ కాస్త జాగానీ వదల్లేదు. మన వాకిట్లో ముగ్గు మరొకరెందుకు వేయాలన్నది వాళ్ల వాదన.

లినక్స్ గుర్తు టక్స్ అనే పెంగ్విన్. కడుపునిండా తిని చతికిలబడ్డట్టుండే ఆ బొమ్మను లారీ ఎవింగ్ 1996లో గీశాడు. లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లోనే దాన్ని 80 చుక్కల పొడవు, 80 చుక్కల వెడల్పుతో పొదిగారు. అడ్డుతెర ఏదీ లేకపోతే కంప్యూటర్ నిద్ర లేచేటప్పుడు పై మూలన కనిపిస్తుంది. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్‌లుంటే అన్ని పెంగ్విన్లు... వరసగా! పిల్లలు లెక్కపెట్టుకోవచ్చు.

అలాంటిది, 2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నెల్‌లో పెంగ్విన్ మాయమైంది. దాని చోట పసుపుపచ్చ ముక్కు తగిలించుకుని పెంగ్విన్‌లా నటిస్తున్న నల్లటి జంతువొకటి ప్రత్యక్షమైంది. పేరు టజ్. జాతి టాస్మేనియన్ డెవిల్.

ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవి ఈ డెవిల్స్ సొంత ఊరు. చిన్నసైజు కుక్కంత ఉంటాయి. తిండి దగ్గరా, జతకట్టే వేళా ఒకదాని మొహం ఒకటి కొరుక్కోవడం వాటి అలవాటు. అదే వాటి కొంప ముంచింది. 1996లో మొహం మీద కణుతులున్న డెవిల్ తొలిసారి కంటపడింది. క్యాన్సర్ అంటువ్యాధి కాదని మనకు తెలుసు. వీటికొచ్చేది మాత్రం అంటుకుంటుంది! కాటుతోపాటే క్యాన్సర్ కణాలు ఒకదాన్నుంచి మరోదానికి చేరతాయి. నోరంతా పుండై, తిండి తినలేక, నెలల్లోనే ప్రాణం పోతుంది. 2008లో డెవిల్‌ని అంతర్జాతీయంగా అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో చేర్చారు.

2009 జనవరిలో లినక్స్ నిపుణుల సమావేశం టాస్మేనియా రాజధాని హోబార్ట్‌లోనే జరిగింది. దాని చిహ్నమే టజ్. అక్కడ డెవిల్ కోసం చందాలు పోగుచేశారు. అందుకోసం బిడేల్ గార్బీ అనే పెద్దమనిషి ఏళ్లుగా పెంచుకున్న గడ్డాన్ని పణంగా పెట్టాడు. చందాలొచ్చాయి, గడ్డం పోయింది. గీసిన మంగలి ఎవరనుకున్నారు? సాక్షాత్తూ లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్! టజ్‌ని కెర్నెల్‌లోకి ఎక్కించిందీ ఆ సమావేశం తర్వాతే.

జూన్‌లో వచ్చిన 2.6.30తో టక్స్ తిరిగొచ్చేసింది. అంటే టజ్ కొలువు మూడు నెలల ముచ్చటే. అదీ ఎంతమంది చూశారో! ఉబుంటులాంటివి అప్పటికే కెర్నెల్ బొమ్మకు అడ్డంగా అందమైన తెర దించేశాయి.

కెర్నెల్‌లోని బొమ్మ మార్చాలంటే కెర్నెల్‌నే మళ్లీ తయారుచేసుకోవాలి. అది అందరి పని కాదు. అడ్డుతెర బొమ్మ మార్చడం సులువు. చాలా లినక్స్‌లలో ఆ తెర పేరు ప్లిమత్. 2008లో ఫెడోరా 10తో వచ్చింది, 2010లో ఉబుంటు కూడా అందుకుంది. దాని థీమ్‌ల ఫోల్డర్‌లో మనకిష్టమైన బొమ్మ పెట్టొచ్చు. అయితే పెట్టి ఊరుకుంటే కనిపించదు. హార్డ్‌డిస్క్ తలుపులు పూర్తిగా తెరుచుకోకముందే బొమ్మ రావాలి కదా! అందుకని కెర్నెల్ తనకు ముందుగా కావలసినవన్నీ చిన్న సద్దిమూట కట్టి పెట్టుకుంటుంది. కొత్త బొమ్మను అందులో కలిపి మూట మళ్లీ కట్టాలి. ఉబుంటులో ఆ పని చేసే ఆదేశం అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. చాలామంది తప్పేది ఇక్కడే.

తెలుగులో ‘శుభోదయం’ అని పెట్టుకుంటే? భేషుగ్గా పెట్టుకోవచ్చు, కాకపోతే అక్షరాల్ని కూడా బొమ్మగానే చేసి పెట్టడం మేలు. లినక్స్ నల్లతెరకు మన గుణింతాలు, ఒత్తులు పేర్చడం రాదు. ఒక ఫాంటులో 512 అక్షర రూపాలకు మించి దానికి పట్టవు కూడా. బొమ్మైతే ఆ బాధ లేదు.

ఒక్క జాగ్రత్త. కంప్యూటర్ ఎక్కడైనా మొరాయిస్తే, ఆ కారణం చెప్పే వరసలు ఈ ముచ్చటైన బొమ్మ వెనకే దాక్కుంటాయి. ఎస్కేప్ మీట నొక్కితే బొమ్మ తప్పుకుని అవి కనిపిస్తాయి.