చంకలో నిలవని లైటు

మా వైపు బోరు ఉన్న ఇంట్లో టార్చి లైటు లేకుండా ఉండదు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. ఆ కాస్త వాన కూడా శనక్కాయ ఊడలు దిగే వేళకు పడుతుందన్న నమ్మకం లేదు. అందుకే ఇన్ని బోర్లు, వాటికి త్రీ ఫేజ్ కరెంటు. 2004లో వ్యవసాయానికి కరెంటు ఉచితమైంది గానీ అది వచ్చే వేళ మాత్రం రైతు చేతిలోకి రాలేదు. పగలు కొంతసేపు, రాత్రి కొంతసేపు అని వంతులు వేసేవాళ్లు. రాత్రి వంతు పడితే ఒంటిగంటకో రెండింటికో లేచి, గట్టు వెంబడి నడిచి, స్టార్టరు డబ్బా తెరిచి మోటారు వేసి రావాలి. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో మా నాయన ఏళ్ల తరబడి ఈ పని చేశాడు. ఆ నడకలో ఆయన చేతిలో ఏ లైటు ఉండాలో నేను నిర్ణయించాను, తప్పుగా నిర్ణయించాను. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు టౌనులో కూర్చుని వస్తువులు కొని పంపే కొడుకులూ కూతుళ్లూ చాలామంది ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

చిన్న లైటంటే నాకు చాలా ఇష్టం. బొటనవేలంత లైటు ఒకటి ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. ఒకసారి రాత్రిపూట అనంతపురం నుంచి వస్తుంటే బస్సు దారిలో ఆగిపోయింది. డ్రైవరు బానెట్ ఎత్తగానే చుట్టూ ఫోన్లు వెలిగాయి. ఫోను వెలుగు పైపైన పరుచుకుంటుందే గానీ ఇంజను సందుల్లోకి దిగదు. నా లైటు వెలుగు దిగింది, ఊడిన గొట్టం కనిపించింది. పైగా అర్ధరాత్రి దారిలో ఫోను ఛార్జి లైటుకే అయిపోతే 108కి ఫోను చేసే దారి కూడా ఉండదు. పెద్ద లైటు ఎంత మంచిదైనా ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంటుంది. చిన్నది మనతోనే ఉంటుంది. అది చాలా పెద్ద సుగుణమని ఇప్పటికీ నమ్ముతాను.

ఆ నమ్మకంతోనే నాయనకూ ఒకటి కొన్నాను. అప్పటిదాకా ఆయన వాడింది రెండు పెద్ద సెల్లులు పట్టే పాత రేకు లైటు. పసుపు వెలుగు, నేల మీద పడితే మధ్యలో ఒక నల్ల మచ్చ. నేను కొన్నది అల్యూమినియం ఒళ్లు, ఛార్జి పెట్టుకునే లిథియం సెల్లు, డబ్బా మీద వెయ్యి ల్యూమెన్లని పెద్ద అక్షరాలు. పాతదాన్ని అటకెక్కించాను. అందులోని సెల్లులు తీసి పారేశాను కూడా.

"ఇదేం లైటురా, గట్టు సగం దాటకముందే మసకబారతాంది" అని నాయన అన్నప్పుడు ఛార్జి సరిగ్గా పెట్టడం లేదనుకున్నాను. అసలు సంగతి వేరు. ఎల్ఈడీ అంత గట్టిగా వెలిగేటప్పుడు, తీసుకునే కరెంటులో సగానికి పైగా వేడిగానే పోతుంది. పెద్ద లైటుకు ఆ వేడిని బయటికి వదిలే ఒళ్లుంటుంది. చిన్నదానికి ఉండదు కాబట్టి కొద్ది నిమిషాల్లోనే లోపలి సర్క్యూట్ దానంతటదే వెలుగు తగ్గిస్తుంది. తగ్గించకపోతే చెయ్యి కాలుతుంది, సెల్లు పాడవుతుంది. 2009లో అమెరికాలో టార్చి లైట్లకు ఎఫ్ఎల్ 1 అని ఒక కొలమానం తెచ్చారు. దాని ప్రకారం ల్యూమెన్లు కొలిచేది వెలిగించిన మొదటి రెండు నిమిషాల్లోపే. ఇన్ని గంటలు వెలుగుతుందన్న లెక్క, వెలుగు పదోవంతుకు పడిపోయేదాకా. ఇన్ని మీటర్లన్న లెక్క, వెలుగు నిండు పున్నమి వెన్నెలంతకు తగ్గేదాకా. ఆ కొలత పాటించి వంద మీటర్లని రాస్తే అందులో అబద్ధం లేదు. కానీ వెన్నెల్లో ఎర్రనేల మీద చుట్టుకుని పడుకున్న చిన్న పింజరి ఎవరికి కనిపిస్తుంది? చాలా చవక ఎల్ఈడీల నీలిఛాయ తెలుపులో ఎరుపు పాలు తక్కువ. మట్టి, ఎండుటాకు, పాము ఒంటి మచ్చలు అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. నాయన పాత లైటు పసుపు వెలుగులో అవి విడివిడిగా కనిపించేవి. నేను పాతదని తీసేసింది ఆ వెలుగునే.

స్టార్టరు డబ్బా దగ్గర కష్టం నాకు ఇంకా ఆలస్యంగా తెలిసింది. సెలవులకు వెళ్లి ఒక రాత్రి నాయన వెంట బోరు దాకా నడిస్తే గానీ అర్థం కాలేదు. ఒక చేత్తో డబ్బా మూత పట్టుకోవాలి, ఇంకో చేత్తో పచ్చ బటను నొక్కాలి. మరి లైటు? పాతదాన్ని ఆయన చంకలో ఇరికించుకునేవాడట. జానెడు పొడుగు, మణికట్టంత లావు, చంకలో కదలకుండా నిలిచి వెలుగు సూటిగా డబ్బా మీద పడేది. నేనిచ్చింది చంకలో నిలవదు, జారిపోతుంది. అందుకని పళ్ల మధ్య పెట్టుకుంటున్నాడు. తడి కాళ్లతో, కరెంటు డబ్బా ముందు, నోట్లో లోహపు లైటుతో నాయనను చూసి నా గుండె జారింది. ఆ పళ్ల మధ్యే బటను రెండుసార్లు నొక్కుకుపోతే లైటు టపటపా కొట్టుకోవడం మొదలెట్టేది. "ఒగ తూరి నొక్కితే పెద్దగ, ఒగ తూరి చిన్నగ, ఇంగో తూరి పిచ్చి పట్టినట్ల. నా మాట వినదు ఇది" అన్నాడు. ఈ కష్టం నాకు అప్పటిదాకా చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. కొడుకు ముచ్చటపడి కొన్నాడు కదా అని.

ఆ రాత్రి నాకు కళ్లు తెరుచుకున్నాయి గానీ, వెంటనే లైటు మార్చలేదు. వాడుక నేర్పితే సరిపోతుందనుకున్నాను. మార్చకపోవడం మొదటి తప్పు కన్నా పెద్దది. వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే అమ్మ ఫోను చేసింది. "రాత్రి మీ నాయన చీకట్లోనే ఇంటికొచ్చినాడు. లైటు వెలగలేదంట." మెత్తటి బటను జేబులో ఒత్తుకుని లైటు లోపలే వెలిగి, సెల్లు అయిపోయింది. వచ్చేటప్పుడు గట్టు మీద గరగరమని చప్పుడు వినిపించిందట. చిన్న పింజరి ఒంటి పొలుసులు రాపాడించుకుంటే వచ్చే చప్పుడది. నాయనకు తెలుసు కాబట్టి అడుగు వెయ్యకుండా నిలబడిపోయాడు. చప్పుడు ఆగి, అది పక్కకు తొలగిందని నమ్మకం కుదిరాక కదిలాడు. ఏమీ కాలేదు.

కాకపోవడం మా అదృష్టం. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆ చావుల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలివే. మాకు శనక్కాయ విత్తి, నీళ్లు కట్టే నెలలు కూడా అవే.

తర్వాత లైట్ల సంగతి తెలిసినవాళ్లను అడిగి, నాయన పక్కన కూర్చుని ఎంచుకున్నాం. పెన్సిల్ సెల్లులతో నడిచేది తీసుకున్నాం, అవి ఊళ్లో అంగట్లోనే దొరుకుతాయి. ఛార్జి పెట్టడానికి ఇంట్లో కరెంటు కోసం కాచుకోనక్కర్లేదు. వెలుగు పసుపు ఛాయ. గట్టు మీద కాళ్ల ముందు చూసుకోవడానికి వంద ల్యూమెన్లు ధారాళంగా సరిపోతాయి, అది వేడెక్కి తగ్గిపోదు. బటను వెనకవైపు, గట్టిగా నొక్కితే గానీ పడదు. జేబులో వేసుకునేటప్పుడు మూత కొంచెం తిప్పి వదులు చేస్తే లోపలి కనెక్షను తెగి అసలు వెలగదు. పంట లేని నెలల్లో సెల్లులు తీసి పక్కన పెట్టమని చెప్పాను, కారితే స్ప్రింగు తుప్పు పట్టిపోతుంది.

చిన్న లైటు చేయలేని పని ఒకటుంది. అడవి పందుల కోసం చేని కాపలాకు పోయేవాళ్లకు అవతలి గట్టు దాకా పారే వెలుగు కావాలి. మా వైపు గుట్టల్లో ఎలుగుబంట్లున్నాయి, అవి దగ్గరికి రాకముందే కనిపించాలి. దూరం పారాలంటే వెడల్పాటి అద్దం కావాలి. అంత అద్దం జేబులో పట్టదు. కాపలాకు పెద్దది వేరే కొన్నాం.

స్టార్టరు డబ్బా కోసం తలకు కట్టుకునే లైటు కూడా తెచ్చాను. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కదా అని. వానాకాలం పురుగులన్నీ మొహం మీదికే వస్తున్నాయని నాయన దాన్ని తలకు పెట్టుకోలేదు. మెడలో దండలా వేసుకుని, వెలుగు కిందికి తిప్పుకున్నాడు. డబ్బా మీద, కాళ్ల ముందు, రెండు చోట్లా పడుతోంది. ఇప్పుడు పక్క చేని వాళ్లు కూడా అలాగే వేసుకుంటున్నారు.